విశాఖలో లంచం అడిగితే ఏసీబీకి ఇలా చెప్పండి

ఇంటి ప్లాన్ అప్రూవల్‌కో, భూమి పాస్‌బుక్‌కో డబ్బులు అడిగారా? వెంటనే కుదరదని గొడవ పడొద్దు, రెండు రోజులు టైమ్ అడిగి బయటకొచ్చి టోల్ ఫ్రీ 1064కి ఫోన్ చేయండి, లేదా నగరంలోని ఏసీబీ (అవినీతి నిరోధక శాఖ) ఆఫీసుకి నేరుగా వెళ్ళండి. ఎవరు, ఎప్పుడు, ఏ పనికి, ఎంత అడిగారో తేదీలతో రాసి సంతకం పెట్టాలి. కాల్ రికార్డింగ్, వాట్సాప్ మెసేజ్‌లు ఏవీ డిలీట్ చేయకండి.

అధికారులు ముందు మీ మాట నిజమో కాదో చూస్తారు. తర్వాత నోట్ల నంబర్లు రాసుకుని, వాటికి ఫినాల్ఫ్తలీన్ పొడి పూసి మీకిస్తారు, లంచం అడిగినవాడికి మీరు ఆ నోట్లే ఇవ్వాలి, తీసుకున్నవాడి చేతులు సోడా ద్రావణంలో ముంచగానే అది గులాబీ రంగుకి మారుతుంది, ఇదంతా మధ్యవర్తుల (సాక్షుల) ఎదుటే జరుగుతుంది. అవతలివాడు అడిగేదాకా డబ్బు తీయకండి, కేసులో ఇదే కీలకం.

అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత లంచం ఇవ్వడమూ నేరమే. బలవంతం మీద ఇప్పటికే ఇచ్చేసి ఉంటే 7 రోజుల్లోపు ఫిర్యాదు చేయండి, చట్టం మీకు రక్షణ ఇస్తుంది. ముందే ఏసీబీకి చెప్పి ఇస్తే మీ మీద కేసు ఉండదు, ఆ టెన్షన్ అక్కర్లేదు.