సబ్‌మెరైన్ ముంచామన్న క్లెయిమ్‌ని పరీక్షించడం - 3వ పాఠం: మూడు గడుల పద్ధతి

పోయిన పాఠంలో సోనార్ (నీళ్ళలో శబ్దాన్ని బట్టి సబ్‌మెరైన్‌ని పసిగట్టే పరికరం) ఎలా వింటుందో, డెప్త్ చార్జ్ (ముందే పెట్టిన లోతుకి వెళ్ళాక పేలే బాంబు) నీళ్ళలో పేలితే ఏమవుతుందో చూశాం. ఈసారి అసలు పనిలోకి దిగుదాం. యుద్ధంలో ఒక ఓడ కెప్టెన్ "శత్రు సబ్‌మెరైన్‌ని ముంచేశాం" అని రిపోర్టు పంపాడనుకోండి, దాన్ని ఎంతవరకు నమ్మొచ్చు?

నోట్‌బుక్‌లో ఒక్కో కేసుకి ఒక్కో పేజీ తీసుకుని మూడు గడులు గీయండి. అక్కడ అసలు సబ్‌మెరైన్ ఉందా అన్నది మొదటి గడి, ఉంటే మునిగిందా అన్నది రెండోది, మునిగితే ఎవరి దెబ్బకి అన్నది మూడోది. ఈ మూడూ వేర్వేరు ప్రశ్నలు, ఒకదానికి దొరికిన సాక్ష్యం ఇంకోదానికి పనికిరాదు, కానీ చాలా పుస్తకాల్లో కూడా మూడూ కలిపేసి ఒకే వాక్యంలో రాసేస్తారు. నా దృష్టిలో ఈ సబ్జెక్టులో జరిగే తప్పుల్లో సగానికి పైగా ఇక్కడే పుడతాయి.

తేడా ఎంత పెద్దగా వస్తుందో చూడండి. రెండో ప్రపంచయుద్ధం అయిపోయాక జపాన్ వాళ్ళు తాము ముంచామని లెక్క చెప్పిన అమెరికన్ సబ్‌మెరైన్లు 468. యుద్ధం మొత్తంలో అమెరికా పోగొట్టుకున్నవి 52, అందులో కూడా ప్రమాదాల్లో పోయినవీ, దిబ్బలెక్కి వదిలేసినవీ కొన్ని ఉన్నాయి. అంతమంది కెప్టెన్లూ అబద్ధాలు చెప్పారనుకోవద్దు. చీకట్లో, కదిలే ఓడ మీద నిలబడి డెప్త్ చార్జ్‌లు వేస్తారు, ఆ పేలుళ్ళకి నీళ్ళు కలగాపులగమై సోనార్‌కి కాసేపు ఏమీ వినపడదు, అది సద్దుమణిగేసరికి సబ్‌మెరైన్ జారుకుంటే కాంటాక్ట్, అంటే సోనార్‌కి దాని ఆచూకీ, పోతుంది, పైన కాస్త నూనె కనపడుతుంది, ఇంక ఆ మనిషి ఏమనుకుంటాడు? మునిగిందనే అనుకుంటాడు.

అందుకే నూనెతో మొదలుపెడదాం. చాలా సబ్‌మెరైన్లకి ఆయిల్ ట్యాంకులు గట్టి పొట్టుకి (మనుషులుండే భాగం చుట్టూ ఉండే లోహపు గోడకి) బయటవైపు ఉండేవి, ట్యాంకుకి చిల్లు పడితే నూనె పైకి తేలుతుంది గానీ లోపలి మనుషులకి ఏమీ కాకపోవచ్చు. పైగా మోసం చెయ్యడానికి కావాలనే నూనె వదిలిన సందర్భాలూ ఉన్నాయి. కాబట్టి నూనె కనపడితే మొదటి గడికి కొంత బలం వస్తుంది అంతే, అది కూడా కింద పాత ఓడ శిథిలం ఏదీ లేదని తేల్చుకున్నాకే. గాలి బుడగలు ఇంకా బలహీనం, జర్మన్ల దగ్గర సోనార్‌ని మోసగించడానికి బుడగలు పుట్టించే డబ్బాలే ఉండేవి.

శకలాల దగ్గరికొస్తే జాగ్రత్తగా చూడాలి. ఏం తేలింది అన్నదే కీలకం. 1944 మే 19న "ఇంగ్లండ్" అనే అమెరికన్ ఎస్కార్ట్ (కాపలా) షిప్ సోలమన్ దీవుల దగ్గర జపాన్ సబ్‌మెరైన్ ఐ-16 మీద హెడ్జ్‌హాగ్ కొట్టింది. హెడ్జ్‌హాగ్ అంటే ఒకేసారి 24 చిన్న బాంబులు ముందుకి విసిరే ఆయుధం, డెప్త్ చార్జ్‌లాగా లోతుని బట్టి పేలదు, గట్టిగా ఏదన్నా తగిలితేనే పేలుతుంది, అంటే సముద్రం అడుగు కాకుండా పైనే పేలుడు వినపడిందంటే అది ఏదో వస్తువుకి తగిలినట్టే. ఆ పేలుళ్ళ తర్వాత ఇంకా పెద్ద పేలుడు వినపడింది, తర్వాత నూనె, చెక్కముక్కలు తేలాయి, వాటితోపాటు రబ్బరు సంచిలో కట్టిన బియ్యం మూటొకటి. ఐ-16 బూగన్‌విల్ దీవిలోని బూయిన్‌లో చిక్కుకున్న జపాన్ సైన్యానికి బియ్యం తీసుకెళ్తోంది! సబ్‌మెరైన్ లోపల్నుంచో, అది మోస్తున్న సరుకులోంచో తప్ప రాలేని వస్తువు తేలితే రెండో గడి గట్టిపడుతుంది. డెక్ మీది చెక్క ఒక్కటే తేలితే ఇంత ధీమాగా చెప్పలేం.

బ్రిటిష్ అడ్మిరాల్టీలో, అంటే వాళ్ళ నేవీని నడిపే ఆఫీసులో, దీనికోసమే ఒక అసెస్‌మెంట్ కమిటీ ఉండేది. ప్రతి దాడికీ ఒక అక్షరం ఇచ్చేవాళ్ళు, కచ్చితంగా మునిగిందంటే ఏ, బహుశా మునిగిందంటే బీ, అలా దిగుతూ చివర్లో అసలది సబ్‌మెరైనే కాదు అనేదాకా. వాళ్ళ కఠినత్వం మీద సముద్రంలో పోరాడేవాళ్ళకి కోపం వచ్చేది, కానీ శత్రువు దగ్గర ఇంకా ఎన్ని మిగిలాయో తెలియకపోతే ఏ కాన్వాయ్‌కి (కలిసి వెళ్ళే సరుకు ఓడల గుంపుకి) ఎంత కాపలా పెట్టాలో తెలియదు, తప్పు లెక్కకి సరుకు ఓడల్లో మనుషులు ప్రాణాలతో మూల్యం కట్టాలి. నేను ఆ కమిటీ పక్షమే.

ఇప్పుడు సాధన. 1942 జనవరి 28న న్యూఫౌండ్‌లాండ్ దగ్గర హడ్సన్ విమానం నడుపుతున్న డొనాల్డ్ మేసన్ "సబ్‌ని చూశాను, ముంచాను" అని మెసేజ్ పంపాడని అమెరికా అంతా మారుమోగింది. గడులు నింపండి. ఆ దాడిలో ఏ యూబోటూ (జర్మన్ సబ్‌మెరైనూ) మునగలేదని యుద్ధం తర్వాత జర్మన్ రికార్డుల్లో తేలింది. అంటే రెండో గడిలో "కాదు", మూడోది ఖాళీ. అదే మేసన్ మార్చి 15న యూ-503ని నిజంగానే ముంచాడు, దానికి వేరే పేజీ, మూడు గడులూ అవును. మనిషి మీద అభిప్రాయంతో గడులు నింపకండి, ఏ దాడికి ఆ దాడే.

రెండో కేసు కాస్త చిక్కు. 1939 అక్టోబర్‌లో బ్రిటిష్ నేవీ స్థావరం స్కాపా ఫ్లోలోకి దూరి రాయల్ ఓక్ అనే యుద్ధనౌకని ముంచిన జర్మన్ కెప్టెన్ గుంథర్ ప్రీన్ సబ్‌మెరైన్ యూ-47, 1941 మార్చిలో అట్లాంటిక్‌లో కనపడకుండా పోయింది. ఆ రోజుల్లోనే, మార్చి 7-8 రాత్రి, బ్రిటిష్ డిస్ట్రాయర్ వుల్వరిన్ అదే చోట ఒక సబ్‌మెరైన్ మీద దాడి చేసింది. ఇటు పోయిన సబ్‌మెరైన్ ఒకటి, అటు క్లెయిమ్ ఒకటి, రెండూ అతికినట్టు సరిపోయాయి, దశాబ్దాలపాటు ప్రీన్‌ని ముంచింది వుల్వరినే అని రాశారు. తర్వాత పరిశీలిస్తే వుల్వరిన్ కొట్టింది యూ-ఏ అనే వేరే సబ్‌మెరైన్‌ని, అది దెబ్బతిని బేస్‌కి తిరిగెళ్ళిపోయింది. యూ-47 మునిగింది నిజం, ఎలా మునిగిందో ఇప్పటికీ తేలలేదు. అందుకే మూడో గడి నింపేముందు ఆ రాత్రి ఆ చుట్టుపక్కల ఇంకే సబ్‌మెరైన్లు ఉన్నాయో ఒక లిస్టు రాసుకోండి, ఇది మాత్రం మానకండి.

ఇక పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ. 1971 నవంబర్ 14న కరాచీ నుంచి బయల్దేరింది, మన విమానవాహక నౌక విక్రాంత్‌ని వేటాడటానికి. డిసెంబర్ 3 అర్ధరాత్రి వేళ విశాఖ హార్బర్ నుంచి బయటికొస్తున్న మన డిస్ట్రాయర్ రాజ్‌పుత్, ముందు నీళ్ళలో అలజడి కనపడితే రెండు డెప్త్ చార్జ్‌లు వేసింది, కాసేపటికి ఒడ్డున కిటికీలు అదిరేంత పేలుడు వినపడింది. పొద్దున జాలర్లకి శకలాలు దొరికాయి, డైవర్లు దిగి సబ్‌మెరైన్‌ని చూశారు. మొదటి గడి, రెండో గడి అనుమానం లేకుండా నిండాయి, లోపలున్న 90 మందికి పైగా నావికుల్లో ఒక్కరూ బతకలేదు. మూడో గడి దగ్గరే గొడవ. రాజ్‌పుత్ దెబ్బకే అని మన నేవీ చెప్తుంది, తను వేసుకున్న మైన్ల వల్లో, లోపలి పేలుడు వల్లో అని పాకిస్తాన్ చెప్తుంది. దీన్ని దేశభక్తితో తేల్చలేం. రాజ్‌పుత్ చార్జ్‌లు వేసిన టైమ్‌కీ పెద్ద పేలుడు టైమ్‌కీ తేడా ఎంత, చార్జ్‌లు ఎంత లోతుకి పెట్టారు, పొట్టు పగిలినచోట లోహం లోపలికి వంగిందా బయటికి వంగిందా - ఇవి కావాలి. ఘాజీకి సంబంధించిన మన నేవీ ఫైళ్ళు ధ్వంసం చేశారని 2010లో పత్రికల్లో వచ్చింది, ఏ పక్షం వాళ్ళకైనా అది నష్టమే. నా పేజీలో మూడో గడి దగ్గర "వివాదం" అని రాసి పక్కన రెండు వాదనలూ పెట్టాను, మీరూ అలాగే పెట్టండి, బలవంతంగా నింపొద్దు.

వచ్చే పాఠానికి మీరు చేయాల్సింది: 1944 ఫిబ్రవరి 11న విశాఖ తీరానికి దూరంగా జపాన్ సబ్‌మెరైన్ ఆర్‌ఓ-110 ఒక కాన్వాయ్ మీద దాడి చేస్తే జమ్నా, లాన్సెస్టన్, ఇప్స్‌విచ్ అనే మూడు ఎస్కార్ట్ ఓడలు దాన్ని వెంటాడి ముంచాయి. మూడు ఓడలూ చార్జ్‌లు వేసినప్పుడు మూడో గడిలో ఏం రాయాలి, ఏ సాక్ష్యం దొరికితే ఒక్క ఓడ పేరే రాయొచ్చు? పేజీ గీసి, కారణం రెండు మూడు వాక్యాల్లో రాసి పెట్టుకోండి. వచ్చేసారి దాంతోనే మొదలుపెట్టి, శత్రువు డైరీల్ని ఎలా చదవాలో చూద్దాం.