ప్రాచీన స్లావిక్ పేరు పుట్టుక, అర్థం, అరుదుదనం తెలుసుకునే పద్ధతి: మ్స్తిస్లావ్ ఉదాహరణగా

1223 మే 31న కాల్కా నది ఒడ్డున మంగోలు సేనను ఎదుర్కొన్న రుస్ (తూర్పు స్లావుల ప్రాచీన రాజ్యం) పాలకులలో ముగ్గురి పేరు ఒక్కటే. కీవ్‌ను ఏలినవాడు మ్స్తిస్లావ్, చెర్నిగోవ్‌ను ఏలినవాడు మ్స్తిస్లావ్, గాలిచ్‌ను ఏలినవాడూ మ్స్తిస్లావే. మొదటి ఇద్దరూ ఆ పరాజయంలో ప్రాణాలు కోల్పోగా, మూడోవాడు తప్పించుకున్నాడు. ఒక్క రణరంగంలో మూడుసార్లు వినిపించిన ఆ పేరు నేటి రష్యాలో అరుదైన పేర్ల కోవలో ఉంది. కనుక ఒక ప్రాచీన స్లావిక్ పేరును పట్టుకుని "ఇది అరుదైనదా?" అని అడిగేవారు, "ఏ కాలంలో, ఎవరి ఇళ్లలో?" అన్న ప్రశ్నను కూడా దానికి జతచేయాలి. పేర్ల జాబితాలలో ఈ రెండో ప్రశ్నకు జవాబు దాదాపు ఎక్కడా దొరకదు. దానిని మనమే వెదుక్కోవాలి.

అన్నిటికంటే ముందు చేయవలసిన పని, ఆ పేరు పాత రాతల్లో ఎలా ఉందో చూడడం. నేటి రష్యన్‌లో మ్స్తిస్లావ్ అన్న పేరు మూడు హల్లుల ముద్దతో మొదలవుతుంది. ప్రాచీన లిపిలో మాత్రం "మ" తరువాత ఒక అతిహ్రస్వమైన ఇకారానికీ, పేరు చివర ఒక అతిహ్రస్వమైన ఉకారానికీ వేర్వేరు అక్షరాలు కనిపిస్తాయి. తరువాతి శతాబ్దాలలో ఆ అచ్చులు లోపించడంతో హల్లులు ఒకదానిపై ఒకటి పడ్డాయి. తెలుగువారి నోట ఈ పేరు "మిస్తిస్లావు"గా మారితే నవ్వవలసిన పనిలేదు. పదకొండో శతాబ్దపు ఉచ్చారణకు అది నేటి రష్యన్ పలుకుబడి కంటే దగ్గరగా ఉంటుంది. అదే పేరు పోలిష్‌లో మ్శ్చిస్వాఫ్ అని వినిపిస్తుంది. ఇలా సోదర భాషల్లోని రూపాలను పక్కపక్కన పెట్టి చూస్తే, ఏది మూలరూపమో, ఏది ఒక భాషలో తరువాత వచ్చిన మార్పో తేటపడుతుంది. ఈ పని చేయకుండా అర్థానికి పరుగెత్తితే పేరును తప్పు చోట విరగ్గొట్టే ప్రమాదం ఉంది.

పాతరూపం చేతికి వచ్చాక పేరును రెండు ముక్కలు చేయాలి, ఎందుకంటే స్లావిక్ ప్రాచీన నామాలలో పెద్ద భాగం రెండు పదాల సమాసాలే. ఇక్కడ మొదటి ముక్క "మ్స్తి", అంటే పగ తీర్చుకోవడం. నేటి రష్యన్‌లో పగకు "మేస్త్" అనే మాట ఆ ధాతువు నుంచే వచ్చింది. రెండో ముక్క "స్లావ", అంటే కీర్తి. ఈ రెండో ముక్క మనకు కొత్తది కాదు. సంస్కృతంలో వినడం అనే అర్థమున్న "శ్రు" ధాతువు నుంచి కీర్తి అనే అర్థంలో "శ్రవస్" ఏర్పడినట్లే, అదే ఇండో-యూరోపియన్ మూలం నుంచి స్లావిక్‌లో "స్లావ" ఏర్పడింది. పదిమంది నోటా వినబడేదే కీర్తి అన్న ఊహ రెండు చోట్లా ఉంది. భారతంలోని భూరిశ్రవుని పేరును విడదీసి చూడండి: భూరి అంటే అధికం, శ్రవస్ అంటే కీర్తి. పేరు కట్టిన తీరు అక్షరాలా మ్స్తిస్లావ్‌ను కట్టిన తీరే.

అయితే ఇక్కడే ఒక హెచ్చరిక అవసరం. ధ్వని కలిసినంత మాత్రాన చుట్టరికం కలపకూడదు. సంస్కృత శకారానికి స్లావిక్‌లో సకారం రావడం ఒక్క మాటలో కనిపించి ఊరుకుంటే అది కాకతాళీయం కావచ్చు; కానీ శతానికి రష్యన్‌లో "స్తో", శ్వేతానికి వెలుగు అనే అర్థంలో "స్వేత్", దశకు "దేస్యత్" ఉన్నాయి. ఇలా అదే మార్పు మరి రెండు మూడు మాటల్లో వరసగా కనిపించినప్పుడే ఆ సంబంధాన్ని నమ్మాలి. ప్రతి రష్యన్ పేరునూ సంస్కృతంలోకి లాగే వ్యాసాలు మన భాషలో కూడా కొల్లలుగా తిరుగుతున్నాయి కనుక ఈ పరీక్షను వదిలిపెట్టకండి.

ముక్కలకు అర్థం తెలిసింది కదా అని వాటిని వాక్యంగా చదవడం తరువాతి పొరపాటు. "పగతో కీర్తి పొందినవాడు" అని చెప్పుకోవడానికి అడ్డు లేదు, కానీ పసివాడికి ఆ పేరు పెట్టిన తండ్రి ఏదో పగను తలచుకునే పెట్టాడని అనుకోవడం తగదు. రాచకుటుంబంలో స్వ్యతొస్లావ్, యరొస్లావ్, ఇజ్యస్లావ్, రొస్తిస్లావ్ అంటూ "స్లావ్" అనే ముక్క తరతరాలుగా తిరిగింది. మనవడికి గతించిన తాత పేరు పెట్టడం అక్కడా ఆనవాయితీయే. 1125 నుంచి 1132 వరకు కీవ్‌ను ఏలిన మహా మ్స్తిస్లావ్‌కు ఇజ్యస్లావ్, రొస్తిస్లావ్ అనే కుమారులుండగా, వారిద్దరి ఇళ్లలోనూ మళ్లీ మ్స్తిస్లావ్‌లు పుట్టారు. తాత పేరు నిలబెట్టడమంటే ఏమిటో తెలుగువారికి వివరించనక్కరలేదు. పేరు అర్థం నిఘంటువులో ఎంత ఉంటుందో, వంశవృక్షంలోనూ అంతే ఉంటుంది.

"మీర్"తో ముగిసే పేర్ల విషయంలో మరింత జాగ్రత్త వహించాలి. వ్లదీమిర్ అంటే "లోకాన్ని ఏలేవాడు" అని అంతటా రాస్తారు. కానీ పాత రాతల్లో ఆ ముక్క "మేర్" అనే రూపంలో కూడా ఉంది. దానికి ఘనత, ప్రసిద్ధి అనే అర్థం చెబుతారు. శాంతి, లోకం అనే అర్థాలున్న "మీర్"తో పోలిక వల్ల తరువాతివారు దానిని అటు లాగారు.

ఇక ఆ పేరు నిజంగా పాతదేనా అన్నది తేల్చుకోవాలి. స్వెత్లానా అన్న పేరు వింటే ఆదికాలపు స్లావిక్ నామంలా తోస్తుంది. వాస్తవానికి పందొమ్మిదో శతాబ్దపు తొలి ఏళ్లలో వస్తోకోవ్ అనే కవి తన కథాకావ్యంలో నాయికకు ఆ పేరు పెట్టాడు, విచిత్రంగా ఆమె జోడీ పేరు మ్స్తిస్లావ్. 1813లో జుకోవ్‌స్కీ గేయకథ ఆ పేరును ఇంటింటికీ చేర్చింది. ఒకే కావ్యంలో జంటగా నిలిచిన రెండు పేర్లలో ఒకటి వందల ఏళ్ల నాటిది, మరొకటి అప్పుడే పుట్టినది. వినికిడిని బట్టి వయసు నిర్ణయించకూడదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.

వయసు తేల్చేవి చరిత్ర గ్రంథాలు, శాసనాలు, ముద్రికలు. వాటన్నిటికంటే నాకు ప్రియమైనవి రష్యాలోని నోవ్‌గొరోద్ నగరపు భూర్జపత్రాలు. 1951 జూలై 26న అక్కడి తవ్వకాలలో మొదటి పత్రం బయటపడింది. ఆ తరువాత వెయ్యికి పైగా దొరికాయి. రాజుల చరిత్రల్లో రాజుల పేర్లే ఉంటాయి, బెరడు మీద గీకిన ఉత్తరాల్లో మాత్రం బాకీలు అడిగే వర్తకులూ కబురు పంపే గృహిణులూ కనిపిస్తారు. 109వ సంఖ్య గల పత్రాన్ని జీజ్నొమిర్ అనే మనిషి మికూలాకు రాశాడు: నువ్వు ప్స్కోవ్‌లో ఒక దాసిని కొన్నావు, ఇప్పుడు దాని మూలంగా రాణి నన్ను పట్టుకుంది, సేనవారు నాకు పూచీ నిలిచారు అని మొర పెట్టుకున్నాడు. మనకు ఇక్కడ ముఖ్యం అతని కష్టం కాదు, అతని పేరు. "జీజ్న్" అంటే జీవితం. అంటే రెండు ముక్కల పేర్లు రాచబిడ్డలకే పరిమితం కాలేదు.

సామాన్యుల ఇళ్లలో ఒంటిమాట పేర్లు కూడా ఉండేవి. జ్దాన్ అంటే ఎదురుచూసిన బిడ్డ, త్రెత్యాక్ అంటే మూడోవాడు, నెక్రాస్ అంటే అందం లేనివాడు. చివరిది తిట్టు కాదు, దిష్టి తగలకుండా కట్టిన తాయెత్తు. పుట్టిన పిల్లలు దక్కని ఇంట్లో పెంటయ్య, పుల్లయ్య అని పేరు పెట్టిన మన పెద్దల ఆలోచనే అది. ఆ పేర్లు వాడుకలోంచి పోయినా నెక్రాసోవ్, త్రెత్యకోవ్ వంటి ఇంటిపేర్లలో మిగిలాయి. అందుచేత పేరు కనిపించకపోతే ఇంటిపేర్లను వెదకండి. ఇందులోనూ ఒక మెలిక ఉంది: మ్స్తిస్లావ్‌స్కీ అనే ఇంటిపేరు మనిషి నుంచి నేరుగా వచ్చినది కాదు, నేటి బెలారుస్‌లో ఉన్న మ్స్తిస్లావ్ల్ పట్టణం మీదుగా వచ్చింది. 1610లో మాస్కోను నడిపిన ఏడుగురు ప్రభువులకు పెద్ద అయిన మ్స్తిస్లావ్‌స్కీ సొంత పేరు ఫ్యోదర్.

అరుదుదనానికి అసలు కారణం మతమార్పు. 988లో కీవ్ క్రైస్తవం స్వీకరించాక రాచబిడ్డలు రెండేసి పేర్లు మోశారు. మహా మ్స్తిస్లావ్‌కు జ్ఞానస్నానపు పేరు ఫ్యోదర్. అతని తల్లి గీత, 1066లో హేస్టింగ్స్ యుద్ధంలో మరణించిన ఇంగ్లండు రాజు హెరాల్డ్ కుమార్తె కావడంతో స్కాండినేవియా గాథల్లో అతడు హరాల్డ్ అయ్యాడు. ఒకే మనిషి వేర్వేరు గ్రంథాల్లో మూడు పేర్లతో ఉంటాడని మరిచి లెక్కించేవారు ఒక్కణ్ణి ముగ్గురిని చేస్తారు. కాలక్రమంలో చర్చి పట్టికలోని పరిశుద్ధుల పేర్లే ఎక్కువగా మిగిలాయి. కీవ్‌కు క్రైస్తవం తెచ్చిన వ్లదీమిర్ పరిశుద్ధుడిగా ప్రసిద్ధి పొందడంతో ఆ పేరు ప్రజల్లో నిలిచింది. మ్స్తిస్లావ్‌కు అంతటి వ్యాప్తి కలగలేదు. అయినా పూర్తిగా అంతరించలేదు. చిత్రకారుడు దొబుజీన్‌స్కీ 1875లో, గణితవేత్త కెల్దిష్ 1911లో, చెల్లో విద్వాంసుడు రస్త్రొపోవిచ్ 1927లో జన్మించారు, ముగ్గురూ మ్స్తిస్లావ్‌లే. ఒకప్పుడు రాచనగరులో ఉన్న పేరు ఈ కాలంలో చదువుకున్న కుటుంబాల్లో కనిపించడం గమనించదగినది.

నేటి సంఖ్య కావాలంటే అధికారిక పట్టికలను ఆశ్రయించాలి. పోలండ్ ప్రభుత్వం తన జనాభా రిజిస్టరులోని పేర్ల లెక్కలను అందరికీ అందుబాటులో ఉంచుతుంది. మొదటి పేర్లు, రెండో పేర్లు విడివిడి పట్టికలుగా ఉంటాయి, రెండూ చూడాలి. జీవించి ఉన్నవారందరి లెక్క వేరు, ఆ ఏడాది పుట్టినవారి లెక్క వేరు; ఒక దేశంలో మొదటిదీ మరో దేశంలో రెండోదీ తీసి పోల్చడం చెల్లదు. మరీ తక్కువసార్లు వచ్చిన పేర్లను కొన్ని పట్టికలు వదిలేస్తాయి గనుక, కనిపించకపోవడాన్ని లేకపోవడంగా తీసుకోకండి.

మనుషులను నేరుగా అడిగి తెలుసుకునేటప్పుడు ముద్దుపేరు అడ్డుపడుతుంది. రస్త్రొపోవిచ్‌ను మిత్రులు స్లావా అని పిలిచేవారు. వ్యచిస్లావ్‌కూ, యరొస్లావ్‌కూ, రొస్తిస్లావ్‌కూ అదే ముద్దుపేరు. స్లావా అని పరిచయమైన మనిషిని పూర్తి పేరు చెప్పమని అడిగాక, అతని తండ్రి పేరు కూడా అడగండి. ఒకవేళ అతని సొంత పేరు మరొకటై, పితృనామం (తండ్రి పేరు నుంచి ఏర్పడి సొంత పేరు తరువాత వచ్చే పేరు) మ్స్తిస్లావొవిచ్ అయితే, మీ లెక్కలో చేరవలసినవాడు అతడు కాదు, అతని తండ్రి.