తుఫాను నెలలు రాకముందే మీ జేబు టార్చిని ఒకసారి విప్పి చూడండి

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద పడ్డ రోజు. పొద్దున పోయిన కరెంటు మా వీధికి మళ్లీ వచ్చేసరికి వారం దాటింది. ఆ సాయంత్రం గాలి కాస్త తగ్గాక అమ్మకి బీపీ మాత్ర ఇవ్వాలని సొరుగులోంచి టార్చి తీశాను. నొక్కితే వెలగలేదు. వెనక మూత తిప్పబోతే తిరగలేదు. గుడ్డ చుట్టి బలంగా తిప్పితే మూత ఊడింది గానీ లోపల పెన్సిల్ సెల్ గొట్టానికి కరుచుకుపోయి ఉంది. స్ప్రింగు నిండా ఆకుపచ్చ చిలుము, సెల్ అడుగున తెల్లటి పొడి. కొన్న రోజు ఎంత బాగా వెలిగిందో! తర్వాత ఏడాదిన్నర దాన్ని ఎవరూ ముట్టుకోలేదు, అంతే.

ఇంట్లో ఉన్న రెండోది వెలిగింది. కానీ మెట్లు దిగుతుంటే అడుగడుక్కీ ఆరిపోయేది. మాది మూడో అంతస్తు, మోటారు లేదు, కింద ట్యాంకరు దగ్గర నీళ్లు పట్టి మోసుకు రావాలి. భుజాన బిందె, రెండో చేతిలో టార్చి. ఆరినప్పుడల్లా దాన్ని తొడకేసి కొట్టుకుంటూ ఎక్కేవాణ్ణి. మూడో రోజు రాత్రి పక్క వాటా పిన్నిగారు నా వెనకే వస్తూ, వెలుతురు పోయిన ఆ ఒక్క క్షణంలో మెట్టు తప్పి మోకాలు చిట్లగొట్టుకున్నారు. ఆ రోజు నాకు పట్టిన బాధ ఇప్పటికీ పోలేదు.

తర్వాత తీరిగ్గా రెండు టార్చీలూ విప్పి చూశాను. రెండింటిలోనూ ఎల్‌ఈడీ బాగానే ఉంది. ఒకటి సెల్ కారి చచ్చింది. రెండోదాంట్లో స్ప్రింగు పల్చగా ఉండి, కుదుపుకి సెల్‌ని వదిలేస్తోంది. అప్పటి నుంచి మా ఇంటికొచ్చే ప్రతి టార్చినీ, చుట్టాలు కొన్నవీ విప్పి చూస్తున్నాను. చూసిన కొద్దీ ఒకటే తేలింది. చిన్న టార్చి చెడేది బల్బు దగ్గర కాదు, అతుకుల దగ్గర. మూత మర, రబ్బరు రింగు, స్ప్రింగు, స్విచ్చి. పెట్టె మీద రాసేది మాత్రం వెలుతురు గురించే.

పైగా మనది సముద్రపు ఊరు. బీచ్ రోడ్డు, పెదవాల్తేరు వైపు ఇళ్లలో కిటికీ గ్రిల్లు ఎంత త్వరగా తుప్పు పడుతుందో మీకు తెలిసిందే. ఆ ఉప్పు గాలే టార్చి లోపలి రేకుల మీదా పనిచేస్తుంది. సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్లో మూడేళ్లు నడిచే టార్చి ఇక్కడ ఏడాదికే మొరాయించడంలో ఆశ్చర్యం లేదు.

ఎప్పుడు కొనాలి

సెప్టెంబరులో. పోర్టులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారని టీవీలో వచ్చాక జగదాంబ దగ్గరో, పూర్ణా మార్కెట్లోనో కొంటే చేతికి దొరికింది తెచ్చుకోవడమే, పరీక్షించే టైం ఉండదు. హుద్‌హుద్ అక్టోబరులో వచ్చింది. 2018లో శ్రీకాకుళం జిల్లాని ముంచిన తిత్లీ కూడా అక్టోబరులోనే వచ్చింది. దసరాకి ముందే కొని ఓ వారం వాడి చూస్తే, తేడా ఉంటే మార్చుకునే వీలుంటుంది.

కొట్లో నిలబడి చూడాల్సినవి

ముందు ల్యూమెన్ల మాట, అంటే వెలుతురు కొలత. "సార్, ఇది లక్ష ల్యూమెన్లు" అని చూపిస్తారు. నమ్మకండి. అరచేతిలో పట్టే టార్చి, ఒక్క 18650 సెల్‌తో (మళ్లీ మళ్లీ చార్జి చేసుకునే లావుపాటి లిథియం సెల్) నడిచేది, మంచి కంపెనీదైతే కొద్ది నిమిషాల పాటు వెయ్యి, రెండు వేల ల్యూమెన్లు ఇవ్వగలదు. ఒక పెన్సిల్ సెల్‌తో నడిచేది వంద, రెండొందల చుట్టూ ఇస్తుంది. అసలు కరెంటు పోయిన ఇంట్లో తిరగడానికి పది ఇరవై చాలు, మెట్లకి యాభై నుంచి వంద చాలు. కాబట్టి అంకెలో పెద్దదాన్ని కాకుండా, బాగా తక్కువ వెలుతురు మోడ్ ఉన్నదాన్ని వెతకండి. రాత్రంతా నడిచేది అదే.

పెట్టె మీద ఎఫ్‌ఎల్1 అనే గుర్తు, అంటే టార్చీల పనితీరు కొలిచే ప్రమాణం పేరు, ఉంటే కొంత నమ్మొచ్చు. ఆ పద్ధతిలో వెలుతురుని వెలిగించిన మొదటి క్షణంలో కొలవరు, 30 సెకన్ల తర్వాత కొలుస్తారు. కానీ అందులోని "రన్‌టైం" అర్థం తెలుసుకోవాలి. వెలుతురు మొదట్లో ఉన్నదాంట్లో 10 శాతానికి పడిపోయే దాకా పట్టే సమయం అది. పది గంటలని రాసి ఉంటే, అందులో ఎక్కువ భాగం మసక వెలుతురే కావచ్చు.

ఇక విప్పండి. కొట్టాయన మొహం చిట్లించినా పర్లేదు, "ఒకసారి మూత తీసి చూస్తానండీ" అని అడిగి తీయండి. మూత నెమ్మదిగా, ఎక్కడా పట్టేయకుండా, ఇసుక నలిగినట్టు గరగరలాడకుండా తిరగాలి. మర పళ్లు లోతుగా, మందంగా ఉండాలి. బ్లేడులా పదునుగా, పల్చగా ఉంటే నాలుగు నెలల్లో అరిగిపోతాయి. మర మొదట్లో నల్లటి రబ్బరు రింగు, దానికి పల్చగా గ్రీజు ఉండాలి. పెట్టెలో స్పేర్ రింగు ఒకటి ఇచ్చారంటే తయారు చేసినవాడికి ఈ సంగతి పట్టిందనే నా లెక్క. నేను మొదట వెతికేది అదే.

మూత లోపలి స్ప్రింగుని వేలితో నొక్కి పక్కకి కదపండి. గట్టిగా ఎదురు తన్నాలి, అడుగున అటూ ఇటూ ఊగకూడదు. సెల్ వేసి మూత బిగించి చెవి దగ్గర పెట్టుకుని ఊపండి. లోపల చప్పుడు వస్తే వద్దు. తర్వాత వెలిగించి, వెనక భాగాన్ని అరచేతికి పది సార్లు గట్టిగా కొట్టండి. రెప్పపాటైనా ఆరిందంటే అక్కడే ఇచ్చేయండి. ఈ ఒక్క పరీక్ష ముందే తెలిసుంటే ఆ రోజు పిన్నిగారి మోకాలు చిట్లేది కాదు.

మూడు సన్న సెల్లులు, అంటే రిమోట్లో వేసేవి, ఒక ప్లాస్టిక్ చట్రంలో పెట్టి లోపలికి తోసే టార్చీలు మన బజార్లో చాలా ఉన్నాయి. నేను వాటికి దూరం. మూడు సెల్లులంటే కనీసం ఆరు చోట్ల రేకు తగలాలి. ఆ ఆరింట్లో ఒక్కటి తుప్పు పట్టినా చీకటే. ఒక్క సెల్‌తో నడిచేదే మేలు. గోడ ప్లగ్గులో నేరుగా గుచ్చి చార్జి చేసే పాత రకం టార్చీలూ అంతే. వాటిలో చాలావాటి లోపల ఉండేది లెడ్ బ్యాటరీ. చార్జి దిగిపోయి నెలల తరబడి పడుంటే మళ్లీ లేవదు. అవసరానికి తీసేసరికి అది పడుకునే ఉంటుంది.

స్విచ్చి యాభై సార్లు నొక్కండి. ప్రతిసారీ ఒకేలా మెత్తగా పట్టి వదలాలి. నొక్కుకీ నొక్కుకీ మధ్య టపటపా కొట్టుకునే మోడ్లు, ఎస్‌ఓఎస్ మోడ్ (ఆపదలో ఉన్నామని సైగ చేసేది) దాటుకుని వెళ్లాల్సి వచ్చేది పెద్దవాళ్లకి వద్దు. చీకట్లో కంగారు పడతారు.

ఇంటికి తెచ్చాక

మొదట వేడి చూడండి. పూర్తి వెలుతురు పెట్టి మూడు నిమిషాలు చేత్తో పట్టుకోండి. తల దగ్గర లోహం వెచ్చబడాలి. వెచ్చబడిందంటే ఎల్‌ఈడీ వేడి బయటికి వస్తోందని అర్థం. అంత వెలుతురిచ్చే టార్చి ఎంతసేపటికీ చల్లగా ఉందంటే వేడంతా లోపలే ఉండిపోతోంది, ఎల్‌ఈడీ ఎక్కువ కాలం ఉండదు. కాసేపటికి వెలుతురు తనంతట తాను కొంచెం తగ్గితే అది లోపం కాదు. వేడెక్కకుండా కాపాడుకునే ఏర్పాటు.

తర్వాత నీళ్లు. ఎంత తడిని తట్టుకుంటుందో ఐపీఎక్స్ అంకె చెబుతుంది. ఐపీఎక్స్4 అని ఉంటే చినుకులు, తుంపర తట్టుకుంటుంది. ఐపీఎక్స్7 అని ఉంటే మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాలు ఉండగలగాలి. ఐపీఎక్స్7 రాసినదాన్నే బకెట్లో వేయండి, అదీ సెల్ తీసేసి. లోపల పొడి టిష్యూ కాగితం ముక్క చుట్టి పెట్టి, మూత బిగించి అరగంట ముంచండి. బయట బాగా తుడిచాకే మూత తీయండి. టిష్యూ తడిస్తే ఆ రాతలో నిజం లేదు. చార్జింగ్ రంధ్రానికి రబ్బరు మూత ఉంటే దాని మీద ఒక కన్ను వేయండి, నీళ్లు ఎక్కువగా దూరేది అక్కడే. తడిసిన టార్చిని ఆరకుండా చార్జింగుకి పెట్టకండి. టైప్-సి అని ఉన్నా, కొన్ని చవక టార్చీలు రెండు వైపులా టైప్-సి ఉన్న కేబుల్‌తో చార్జి కావు, పాత యూఎస్‌బీ కేబులే కావాలి. మీ పవర్ బ్యాంకుతో, మీ కేబుల్‌తో చార్జి అవుతోందో లేదో ఇప్పుడే చూసుకోండి.

ఇక ఒక రాత్రి తక్కువ మోడ్‌లో పెట్టి వదిలేయండి. వెలిగించిన టైం కాగితం మీద రాయండి. నేను పడుకునే ముందు ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి చూస్తాను. మీ టార్చికి మీ ఇంట్లో వచ్చిన గంటలే అసలు లెక్క.

సెల్లుల విషయంలో అజాగ్రత్త వద్దు

ఇక్కడ టెన్షన్ పడాల్సింది వెలుతురు గురించి కాదు, మంటల గురించి. 18650 అంటే 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవున్న లిథియం సెల్. ఈ సైజులో నిజంగా దొరికే పెద్ద కెపాసిటీ 3500 ఎంఏహెచ్ చుట్టూ ఉంటుంది. 9900 అని రాసి ఉంటే అది అబద్ధం. చేతిలోకి తీసుకుంటేనే తెలిసిపోతుంది. మంచి సెల్ 45 నుంచి 50 గ్రాముల దాకా తూగుతుంది, నకిలీది బొమ్మలా తేలిగ్గా ఉంటుంది. వంటింటి డిజిటల్ కాటా ఉంటే తూచండి. సెల్ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ఇలాంటి సెల్లుల భద్రతా ప్రమాణం ఐఎస్ 16046, 'ఆర్'తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయేమో చూడండి. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీల్లోంచి పీకిన సెల్లులు చవగ్గా వస్తాయని తీసుకోకండి. పై తొడుగు చిరిగినా, సొట్ట పడినా, ఉబ్బినా వాడకండి. చార్జింగుకి పెట్టి పడుకోకండి, పరుపు మీద అసలే వద్దు.

ఇంకో పొరపాటు. 14500 అనే లిథియం సెల్ చూడ్డానికి అచ్చం పెన్సిల్ సెల్‌లాగే ఉంటుంది. పెన్సిల్ సెల్ 1.5 వోల్టులైతే ఇది నిండా చార్జి అయినప్పుడు 4.2 వోల్టులు. దీనికి తగ్గట్టు తయారు కాని టార్చిలో వేస్తే లోపలి సర్క్యూట్ కాలిపోవచ్చు. ఇంట్లో పిల్లలు బొమ్మల్లో వేసే ప్రమాదం ఉంది కాబట్టి వేరే డబ్బాలో పెట్టండి.

మామూలు పెన్సిల్ సెల్లుల సమస్య కారడం. పాతవీ కొత్తవీ కలిపి వేస్తే నీరసించిన సెల్ ముందు కారుతుంది. రోజూ వాడని టార్చిలోంచి సెల్ తీసి, టార్చికే రబ్బరు బ్యాండుతో కట్టి ఉంచండి. ఆల్కలైన్ సెల్ కారితే వచ్చే తెల్ల పొడి క్షారం, చర్మాన్ని మండిస్తుంది. గ్లౌజులు వేసుకుని, ఇయర్‌బడ్‌కి నిమ్మరసమో వెనిగరో రెండు చుక్కలు తగిలించి తుడవండి, తర్వాత తడి గుడ్డతో, ఆపైన పొడి గుడ్డతో. స్ప్రింగు పూత లేచిపోయి ఉంటే తుడిచాక వెలిగినా సరే, తుఫాను రాత్రికి దాన్ని నమ్ముకోవద్దు.

నెలకొకసారి మూత విప్పి మరనీ, రేకులనీ పొడి గుడ్డతో తుడిస్తే చాలు. రింగు ఎండినట్టు ఉంటే సిలికాన్ గ్రీజు కొంచెం. కొబ్బరినూనె, వాజలైన్ వద్దు, కొన్ని రకాల రబ్బరు వాటికి ఉబ్బి సాగిపోతుంది.

ఆ రాత్రికి

ఫోన్ టార్చి వాడకండి, ఆ చార్జి మాటలకి కావాలి. జేబు టార్చిని గ్లాసులో నిలబెట్టి పైకప్పు వైపు తిప్పితే గదంతా మెత్తటి వెలుతురు పరుచుకుంటుంది. బయట అడుగు పెట్టాల్సి వస్తే ముందు నేల మీద, తర్వాత పైన వెలుతురు వేసి చూడండి. నీళ్లు నిలిచిన చోట పాములుంటాయి, విరిగిన కొమ్మల్లో వైర్లు చిక్కుకుని ఉంటాయి. తెగిన వైరు కనిపిస్తే దూరంగా ఆగి 1912కి ఫోన్ చేయండి. కరెంటు లేదు కదా అని వైరు ముట్టుకోవద్దు.

చాలా లోహపు టార్చీల్లో మూతని పావు వంతు వదులు చేస్తే కరెంటు తెగిపోతుంది. జేబులో తనంతట తాను వెలిగి వేడెక్కదు, చార్జి కూడా మిగులుతుంది. మీ దాంట్లో పనిచేస్తుందో లేదో తిప్పి చూసుకోండి, మర మీద రంగు పూత లేని టార్చీల్లో పనిచేయదు. అమ్మ తలగడ దగ్గర ఉండేదాన్ని నేను అలాగే ఉంచుతాను. కిందటి ఏడు సెప్టెంబరులో ఆవిడ చేతికిచ్చి, "కళ్లు మూసుకుని వెలిగించమ్మా" అన్నాను. మొదటిసారి మూత పూర్తిగా ఊడదీసింది, సెల్ మంచం కిందకి దొర్లింది. రెండోసారి మూత బదులు టార్చి తల భాగాన్ని తిప్పింది. మూడోసారికి బొటనవేలితో స్విచ్చి తడిమి, ఇది వెనక వైపని పట్టుకుని, పావు వంతు తిప్పి నొక్కింది. మీ ఇంట్లో పెద్దవాళ్ల చేత కూడా ఈ పని ఒక సాయంత్రం చేయించండి, ఇంకా కరెంటు ఉండగానే.