ఘాట్ ప్రయాణానికి ముందు పాత కారు బ్రేకుల విషయంలో జాగ్రత్తలు

ఈ మధ్య తెలిసినవారి పాత కారు ఒకటి నల్లమల ఘాట్ దిగుతూ, మలుపు దగ్గర బ్రేకు తొక్కగానే కుడివైపుకు లాగి, ఎదురు వాహనాలు వచ్చే సగంలోకి వెళ్లి ఆగింది. ఆ క్షణంలో ఎదురుగా ఏ లారీ లేకపోవడం వల్ల అందరూ క్షేమంగా బయటపడ్డారు. బయలుదేరే ముందు రోజే ఆ కారుకు వీల్ అలైన్‌మెంట్ చేయించారన్నది ఇందులో గమనించవలసిన సంగతి. వానాకాలానికి ముందు టైర్లలో గాలి, వైపర్లు, లైట్లు చూసుకోవాలని అందరికీ తెలిసినదే కనుక వాటి జోలికి పోకుండా, ఈ ఒక్క పొరపాటు గురించే వివరంగా రాస్తున్నాను.

స్టీరింగ్ లాగుతోందని చెప్పగానే మన దగ్గర మొదట వినిపించే సలహా అలైన్‌మెంట్. అది చక్రాలు ఏ కోణంలో నిలబడాలన్న దానికి సంబంధించిన పని. చదునైన రోడ్డు మీద, బ్రేకు ముట్టుకోకుండా, స్టీరింగ్‌ను తేలికగా పట్టుకున్నప్పుడు కూడా కారు ఒక పక్కకు జరుగుతుంటే కారణం అలైన్‌మెంటో, టైరో కావచ్చు. (మన రోడ్లు నీరు పోవడానికి అంచు వైపు వాలుగా ఉంటాయి కనుక ఎడమకు కొద్దిగా జరగడం జబ్బు కాదు.) బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే లాగుతుంటే, ముందు చక్రాల బ్రేకులు రెండూ సమానంగా పట్టడం లేదని మొదట అనుమానించాలి. దానికి అలైన్‌మెంట్ మందు కాదు.

కారు సాధారణంగా బ్రేకు గట్టిగా పట్టిన వైపుకే లాగుతుంది. కాబట్టి కుడికి లాగుతుంటే, సరిగా పట్టని ఎడమ చక్రాన్ని ముందుగా అనుమానించాలి. చాలామంది మాత్రం లాగిన వైపే విప్పి, అంతా బాగానే ఉందని మళ్లీ బిగించేస్తారు. పట్టని వైపు విప్పి చూస్తే ఒక ప్యాడ్ (చక్రంతో తిరిగే ఇనుప పళ్లెం, అంటే డిస్కును, అదిమి పట్టే పలక) వెనక రేకు దాకా అరిగి, దాని జత ప్యాడ్ ఇంకా మందంగా కనిపించవచ్చు. కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు అదిమే భాగం) జరగడానికి ఉండే పిన్నును చేత్తో లాగితే కదలదు. దాని మీది గ్రీజు ఎండి గోధుమరంగు పొడిగా రాలుతుంది. పిస్టన్ తుప్పు పట్టడం, రబ్బరు హోసు లోపల ఉబ్బి ఆయిల్‌కు దారి మూసుకుపోవడం, చిరిగిన యాక్సిల్ బూటు (రబ్బరు తొడుగు) నుంచి గ్రీజు ప్యాడ్ల మీద చిందడం కూడా ఇందుకు కారణాలే. అయితే బ్రేకు వదిలాక కూడా లాగుడు తగ్గక, ఒక చక్రం దగ్గర మాత్రమే వేడి, మాడు వాసన వస్తుంటే, లాగిన వైపు బ్రేకే వదలకుండా పట్టుకుపోయిందని అర్థం.

లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కారు బాడీకి కలిపే కింది చేయి) రబ్బరు బుష్ చిరిగినప్పుడు జరిగే మోసం వేరు. బ్రేకు వేయగానే ఆర్మ్ వెనక్కి జరిగి చక్రం కోణం మారిపోతుంది. నిలిపి ఉంచిన కారుకు ఎంత నిక్కచ్చిగా అలైన్‌మెంట్ చేసినా, బ్రేకు తొక్కిన క్షణంలో ఆ కొలతలు నిలవవు. బుష్‌లు, బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్‌లు (స్టీరింగ్ కడ్డీల చివరి కీళ్లు) చూడకుండా చేసిన అలైన్‌మెంట్‌కు పెట్టిన డబ్బు వృథా.

ఇక వణుకు సంగతి. బ్రేకు లేకుండానే 80–100 కిలోమీటర్ల వేగంలో స్టీరింగ్ వణికితే బ్యాలెన్సింగ్, రిమ్ము, టైరు ఉబ్బు చూడాలి. బ్రేకు తొక్కినప్పుడే వణికితే డిస్కు అనుమానించాలి. డిస్కు వంగిందని అంటారు గాని, ఎక్కువసార్లు జరిగేది మందం ఒకచోట మిల్లీమీటరులో నూరో వంతుల్లో తేడా రావడమే. స్టీరింగ్ నిశ్చలంగా ఉండి సీటు కింద మాత్రమే అదురు తెలిస్తే వెనుక డ్రమ్ములు చూడండి.

ప్యాడ్లు ఒకవైపు మాత్రమే మార్చవద్దు.

కొత్త డిస్కు వేసే ముందు హబ్ (డిస్కు, చక్రం బిగించే మధ్య భాగం) మీది తుప్పును వైర్ బ్రష్‌తో గీకించండి. తుప్పు రేణువు మీద కూర్చున్న డిస్కు తిరిగేటప్పుడు ఊగుతుంది.

డిస్కును లేత్ పట్టించి నునుపు చేయిస్తే, ఆ తర్వాత కొలిపించండి. దాని మీద ముద్రించిన కనీస మందం కన్నా తగ్గితే పారేయండి.

చక్రం నట్లను ఎదురెదురుగా, టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానాతో) బిగించమనండి. గన్‌తో ఇష్టం వచ్చినట్లు బిగించనివ్వకండి.

కాలిపర్ పిన్నులకు బ్రేకు గ్రీజే వాడాలి. మామూలు గ్రీజు రబ్బరును ఉబ్బిస్తుంది.

బ్రేకు ఆయిల్ రెండేళ్లు దాటితే మార్చండి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 అనే రకం బ్రేకు ఆయిల్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు; తేమ చేరిన దానికి ప్రమాణం 155 డిగ్రీలే. ఘాట్ దిగుతున్నప్పుడు ఆయిల్ మరిగితే పెడల్ నేలకు దిగిపోతుంది.

జాకీ మీద మాత్రమే నిలిచిన కారు కింద దూరవద్దు.

మళ్లీ చెబుతున్నాను: బ్రేకు తొక్కినప్పుడే లాగుతుంటే అలైన్‌మెంట్ షాపుకు కాదు, బ్రేకులు విప్పి చూసే మెకానిక్ దగ్గరకు వెళ్లండి.

పని పూర్తయ్యాక కారు కదిలించే ముందే పెడల్ గట్టిపడేదాకా తొక్కండి. ఖాళీ రోడ్డు మీద 30, తర్వాత 40 కిలోమీటర్ల వేగంలో బ్రేకు వేసి చూడండి. స్టీరింగ్ నుంచి చేతులు తీయకండి.

నీటి గుంట దాటాక బ్రేకును తేలికగా కొన్నిసార్లు అదిమి ఆరనివ్వండి. వేడెక్కిన డిస్కుల మీద నీళ్లు పోయవద్దు.

ఘాట్‌లో న్యూట్రల్‌లో దిగవద్దు. ఇంజన్ ఆపి దిగవద్దు. ఎక్కిన గేరులోనే దిగండి.

ఇంత చేసినా కారు లాగుతూనే ఉంటే ఘాట్ ఎక్కించవద్దు. తిరుమలకైతే కారును తిరుపతిలోనే వదిలి బస్సులో కొండెక్కండి.