పోలీసు ప్రమోషన్‌పై రిట్ వేసేముందు జాగ్రత్తలు

కర్నూలు, అనంతపురం, కడప ఎస్సైలు అమరావతి హైకోర్టులో రాజ్యాంగం 226వ అధికరణ కింద రిట్ (ప్రభుత్వ చర్యను సవాలు చేసే పిటిషన్) వేసేముందు మొట్టమొదట గడువు చూసుకోవాలి. జూనియర్‌కు ప్రమోషన్ ఇచ్చిన నాటి నుంచి ఆరు నెలల్లో, మహా అయితే ఏడాదిలో కదలాలని సుప్రీంకోర్టు 1974లోనే చెప్పింది. అర్జీ మీద అర్జీ పెట్టినా ఆ కాలం పెరగదు. మంచి కేసు కూడా ఇక్కడే పోతుంది.

మిమ్మల్ని దాటి వెళ్లిన జూనియర్లను ప్రతివాదులుగా చేర్చండి.

సీనియారిటీ జాబితాపై రాసిచ్చిన అభ్యంతరం, దాని రసీదు జతచేయండి.

మీ పేరుపై ప్రమోషన్ కమిటీ నిర్ణయాన్ని బయటపెట్టకుండా సీల్డ్ కవర్లో పెట్టారా? కమిటీ కూర్చున్న నాటికి ఛార్జిమెమో (శాఖ ఇచ్చే అభియోగ పత్రం) గానీ, క్రిమినల్ కేసులో ఛార్జిషీటు గానీ లేకుంటే అది చెల్లదు. జానకిరామన్ తీర్పు (1991) దీనికి గట్టి ఆధారం. ఛార్జిమెమో జారీ అయిన తేదీ రుజువు తప్పక ఉంచుకోండి. మీ పనితీరుపై అధికారులు ఏటా రాసే రహస్య నివేదికలో మీకు తెలియజేయని తక్కువ గ్రేడుంటే దేవ్‌దత్ తీర్పు (2008) పనికొస్తుంది. ఆ నివేదిక నకలు సమాచార హక్కు కింద అడగండి.

రిట్‌లో కోర్టును కోరే ‘ప్రార్థన’ భాగంలో ‘ప్రమోషన్ ఇవ్వాలి’ అని కాక, ‘జూనియర్‌కు ప్రమోషన్ వచ్చిన తేదీ నుంచి నా పేరు పరిశీలించాలి’ అని రాయించండి. మీ హక్కు ప్రమోషన్‌కు పరిశీలన వరకే.