ఇసుక నేలలో పెరటి తోటకు వరిగడ్డి కప్పు: నా అనుభవం

ప్రకాశం జిల్లా సింగరాయకొండ ప్రాంతంలో మాది ఇసుక నేల కావడంతో, వేసవిలో వంగ, టమాటా, బెండ పాదులకు ఉదయం పోసిన నీరు మధ్యాహ్నానికే ఇంకిపోయి ఆకులు వాలిపోయేవి. నీరు కిందికి జారిపోకుండా మాగిన పశువుల ఎరువు కలిపాను. పైతేమను ఎండా వడగాలీ లాగేయకుండా నేలను కప్పాను.

కలుపు తీసి పాదులను నిండా తడిపిన తరువాత, గాలికి ఎగరకుండా ముందే నానబెట్టిన వరిగడ్డిని 3 నుంచి 4 అంగుళాల మందంలో పరిచి, మొదలు కుళ్లకుండా కాండం చుట్టూ 2 అంగుళాల ఖాళీ వదిలాను. పొడి నేలపై పరిస్తే ప్రయోజనం ఉండదు, ఎందుకంటే ఆ తరువాత పడే చిన్న జల్లును గడ్డే పీల్చుకుంటుంది. గడ్డి తొలగించి వేలు గుచ్చి, రెండో కణుపు దాకా పొడిగా తగిలితేనే నీరు పెడుతున్నాను. రెండు పూటలా పోసే నీరు ఇప్పుడు రోజు విడిచి రోజు సరిపోతోంది. చెదలు పట్టకుండా గడ్డి కింద వేపపిండి చల్లాను.

నడిచే దారుల్లో సరుగుడు ఆకు వేశాను. అది నిదానంగా చివుకుతుంది. మా వైపు తేలికగా దొరికే పొగాకు కాడలను మాత్రం దగ్గరకు రానివ్వలేదు; వాటిలో మొజాయిక్ వైరస్ ఉంటే ఎండినా చావదు, అదే కుటుంబానికి చెందిన టమాటా, మిరపలకు సోకుతుంది.

అక్టోబరులో ఈశాన్య రుతుపవనాల వానలు మొదలయ్యాక, నత్తలు చేరకుండా కప్పును పలుచన చేస్తున్నాను.