వానాకాలంలో కంటైనర్ స్టఫింగ్: సీల్ వేసే ముందు చూసుకోవాల్సినవి

జూన్‌లో వానలు పట్టాయంటే హైదరాబాద్‌లోని జీడిమెట్ల, పటాన్‌చెరు గోదాముల్లో కంటైనర్‌లోకి ఎగుమతి సరుకు నింపడం (స్టఫింగ్) చాలా జాగ్రత్తగా చేయాల్సిన పని. ఇక్కడ సీల్ పడిన కంటైనర్ సనత్‌నగర్ డిపో నుంచి రైల్లోనో, ట్రైలర్ మీదనో రేవుకు చేరి ఓడెక్కుతుంది. అవతల కొన్నవాళ్లు తలుపు తీసేదాకా మామూలుగా లోపలికి ఎవరూ తొంగిచూడరు. తడిని ఆపాలన్నా, సరుకు కదలకుండా కట్టాలన్నా ఇక్కడే.

ముందు ఖాళీ కంటైనర్‌ను చూడండి. ఒకరు లోపలికి వెళ్లాలి, ఇంకొకరు బయటి నుంచి తలుపులు మూయాలి. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక ఎక్కడైనా సూదిమొనంత వెలుగు కనిపించినా ఆ కంటైనర్ వద్దనండి. తలుపు రబ్బరు చిరిగిందా, సీఎస్‌సీ ప్లేట్ (కంటైనర్ భద్రతా ఆమోదం తెలిపే రేకు పలక) సరిగా ఉందా చూడండి. కడిగి పంపిన కంటైనర్ నేల పైకి ఆరినట్టే ఉంటుంది. ప్లైవుడ్‌లోకి తేమ మీటర్ గుచ్చితేనే అసలు సంగతి తెలుస్తుంది.

సరుకు పాడైతే అందరూ కప్పుకు చిల్లు పడిందేమోనని వెతుకుతారు. చాలాసార్లు నీళ్లు సరుకుతోపాటే లోపలికి వెళ్తాయి. 20 అడుగుల కంటైనర్‌లో చోటు సుమారు 33 ఘనపు మీటర్లు. 30 డిగ్రీల వేడిలో ఆ గాలి పూర్తిగా తేమెక్కినా అందులో ఉండేది దాదాపు లీటరు నీళ్లే. అదే 20 కిలోల చెక్క ప్యాలెట్‌లో (సరుకు పేర్చే చెక్క బల్లలో) తేమ 18 శాతం ఉండాల్సింది 30 శాతం ఉంటే, ఒక్కో ప్యాలెట్‌కు రెండు లీటర్ల పైచిలుకు అదనం. పది ప్యాలెట్లకు ఇరవై లీటర్లు దాటుతుంది. సముద్రం మీద రాత్రి రేకు చల్లబడగానే ఆ తేమే పైకప్పుకు పట్టి చుక్కలుగా సరుకు మీద పడుతుంది. దీన్నే కంటైనర్ రెయిన్ అంటారు.

ప్యాలెట్ మీద హెచ్‌టీ (హీట్ ట్రీట్‌మెంట్) ముద్ర ఉంది కదా అని ఊరుకోవద్దు. చెక్క లోపలిదాకా 56 డిగ్రీల వేడిని 30 నిమిషాలు పట్టించారని, అంటే పురుగు చచ్చిందని మాత్రమే ఆ ముద్ర చెబుతుంది. చెక్క ఆరిందని చెప్పదు. ఆరుబయట వానలో పేర్చిన ప్యాలెట్లు వాడొద్దు. తేమను పీల్చే క్యాల్షియం క్లోరైడ్ సంచులను తలుపు మూసే ముందే విప్పి, పక్క గోడల ముడతల్లో వేలాడదీయండి. అట్టపెట్టెల మీద పెడితే, సంచి చిరిగినప్పుడు ఉప్పునీరు వాటి మీదే కారుతుంది. షెడ్ కిందే నింపండి. జల్లు మొదలైతే తలుపులు మూసి హమాలీలను ఆపండి.

ఇక పేర్చడం. 20 అడుగుల కంటైనర్‌లో 1100 మిల్లీమీటర్ల చదరపు ప్యాలెట్లను వరుసకు రెండేసి, ఐదు వరుసలు పెడితే అడ్డంగా 15 సెంటీమీటర్లు, తలుపు దగ్గర 40 సెంటీమీటర్లు ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలే ప్రమాదం. అల్లకల్లోల సముద్రంలో సరుకు పక్కకు నెట్టే బలం దాని బరువులో 0.8 వంతుదాకా ఉంటుందని లెక్క వేసుకోవాలి. అంటే టన్ను ప్యాలెట్ 800 కిలోల బలంతో తోస్తుంది. పక్క ఖాళీలో గాలి సంచులో, ఆరిన చెక్క డన్నేజో (సందుల్లో బిగించే చెక్క ముక్కలో) బిగించండి. తలుపు దగ్గర అడ్డదుంగలను మూల స్తంభాలకు ఆనించండి, తలుపు రేకుకు కాదు. నేలలోని లాషింగ్ రింగు (బెల్టు కట్టే కొక్కెం) ఒక్కోటి మామూలుగా టన్ను లాగుడుకే తట్టుకుంటుంది. కాబట్టి బెల్టుల మీద భరోసా పెట్టుకోకుండా ముందు సందు లేకుండా పేర్చండి.

డ్రమ్ములు కింద, తేలికవి పైన. పొడవులో ఏ సగంలోనూ మొత్తం బరువులో 60 శాతం దాటకూడదు. దాటితే క్రేన్ ఎత్తినప్పుడు కంటైనర్ ఒరుగుతుంది.

వీజీఎం, అంటే నింపిన కంటైనర్ ధ్రువీకరించిన మొత్తం బరువు, లేకపోతే కంటైనర్ ఓడెక్కదు. 2016 జూలై 1 నుంచి ఇదే నియమం. కాంటా మీద తూచినా, విడివిడిగా కూడినా ప్యాలెట్లు, డన్నేజ్, కంటైనర్ టేర్ (ఖాళీ బరువు) అన్నీ లెక్కలో ఉండాలి. కాంటా పద్ధతైతే ట్రైలర్ ఖాళీ బరువు అదే రోజు తూచిందై ఉండాలి. టార్పాలిన్ తడిసినా, డీజిల్ నింపుకున్నా ఆ తేడా మీ సరుకు బరువుగానే పడుతుంది. చివర బోల్ట్ సీల్ వేసి, దాని నంబరును కాగితాలతో పోల్చి, తలుపు మూసిన ఫొటో తీసి ఉంచండి.